శ్రోత, పాఠకుడు, సాహిత్యచరిత్ర

తెలుగు సాహిత్యచరిత్ర అనగానే కవుల చరిత్ర అని అర్థము చెప్పుకొనుట చిరకాలముగా అలవాటైనది. 19వ శతాబ్దము చివరి భాగమున కందుకూరి వీరేశలింగము పంతులు 'ఆంధ్రకవుల చరిత్రము'ను సమకూర్చిన నాటినుండి పండితుల శ్రమలో అధికభాగము కవుల కాలనిర్ణయమునకు, గ్రంథకర్తృత్వ వివాదములకు, శైలీభేదములకు వినియోగమైనది. ఆ శ్రమ అవసరమైనదే. అది లేనిచో నేడు చరిత్ర అని చెప్పుకొనుటకు ఆధారమే ఉండెడిది కాదు. కాని ఆ చరిత్రలో ఒక ముఖ్యపాత్ర కనబడదు. గ్రంథమును విన్నవాడెవడు? చదివినవాడెవడు? కంఠస్థము చేసి కొడుకునకో మనుమరాలికో అందించినదెవరు? ఆ గ్రంథము వారి బ్రతుకులో ఏ మార్పు తెచ్చినది? ఈ ప్రశ్నలు అడుగని చరిత్ర విత్తనములను లెక్కించి పొలమును మరచిన లెక్క వంటిది.

గ్రంథము యొక్క ప్రభావము గ్రంథములోనే ఇమిడియుండునని పలువురు తలంతురు. మంచి గ్రంథమైనచో అది తానే పాఠకుని మార్చునని విశ్వాసము. తెలుగు సాహిత్యము నడచిన త్రోవను పరిశీలించినచో విషయము అంత సులభముగా తోచదు. రచన ఎంత గొప్పదైనను, అది జనులను చేరిన మార్గమును బట్టియు, దానిని స్వీకరించిన సమూహమును బట్టియు ప్రభావము కలిగినది. త్రోవ మూసికొనిపోయినచోట మహారచనలు కూడ మౌనముగా నుండినవి. త్రోవ తెరచుకొన్నచోట చిన్న పద్యము కూడ జనుల నడవడిని శాసించినది.

తెలుగు కావ్యము పుట్టుకలోనే శ్రోతను ఎదుట నిలుపుకొన్నది. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయ భట్టారకుడు మహాభారతమును తెనిగింప పూనుకొన్నప్పుడు, రాజరాజనరేంద్రుడు తనకు ప్రియమైన విషయములలో భారతము వినుటయందలి ఆసక్తిని ఒకటిగా చెప్పినట్లు అవతారికలో ఉన్నది. చదువుట అనలేదు, వినుట అన్నాడు. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి భారతమును హరిహరనాథునకు అంకితము చేసినాడు. దానితో కావ్యము వినువాని స్థానము రాజు నుండి దైవమునకు మారినది. దైవము ఎదుట కూర్చుండి వినుటకు రాజానుమతి అక్కరలేదు. తరువాత పోతన భాగవతమును రాజులకు ఈయక శ్రీరామునకు సమర్పించుటలోను ఈ భావమే బలపడినది. అంకితము మారుట కవి వైరాగ్యమునకు మాత్రమే గుర్తు కాదు. శ్రోతలమండలి విస్తరించుటకు కూడ గుర్తు.

ఈ విస్తరణమును బుద్ధిపూర్వకముగా కోరినవాడు పాల్కురికి సోమనాథుడు. గద్యపద్యములతో కూడిన ప్రౌఢరచన కంటె జానుతెనుగు సర్వసామాన్యమని తలచి ఆయన బసవపురాణమునకు ద్విపదను ఎన్నుకొన్నాడు. ఛందస్సును ఎన్నుకొనుట ఇక్కడ అలంకారశాస్త్ర విషయము కాదు, వినువారిని ఎన్నుకొనుట. రంగనాథ రామాయణము కూడ ద్విపదయే. తోలుబొమ్మలాట వారు దానిని స్వీకరించి, తెరవెనుక దీపమువెలుగులో తరతరములుగా పాడినారు. అక్షరము ఎరుగని గ్రామస్థులు రామకథను ఆ బొమ్మల నీడలలో చూచి, ఆ ద్విపదలలో విన్నారు. తాళ్ళపాక తిమ్మక్క 'సుభద్రా కల్యాణము' వంటి రచనలు స్త్రీల పాటలకు చేరువగా నడచినవి. పురుషులు గుడిమండపమున పురాణము వినగా, స్త్రీలు వంటయింట, తిరుగలి వద్ద, పేరంటములలో పాటలుగా కథలను కాపాడినారు.

తాళపత్రములు అరుదైన ఆ దినములలో ఒక్క ప్రతి ఊరినంతయు పోషించినది. పౌరాణికుడు పద్యము చదువును, ఆగును, అర్థము చెప్పును. వినువారు ప్రశ్నింతురు, నవ్వుదురు, కన్నీరు పెట్టుదురు. వానలు లేని యేట విరాటపర్వము చదివించినచో వర్షము కురియునను నమ్మకము తెలుగునాట వ్యాపించియుండెను. వాన కురిసినదా లేదా అన్నది చరిత్రకారుని ప్రశ్న కాదు. కష్టకాలమున ఊరివారందరు ఒకచోట చేరి తిక్కన పద్యములు వినుట ఆచారమైనది. అట్టి ఆచారము కావ్యమునకు గల స్థానమును పండితుల ప్రశంసల కంటె గట్టిగా చెప్పుచున్నది. గజేంద్రమోక్షము, ప్రహ్లాదచరిత్రము బాలురకు అక్షరాభ్యాసమునకు ముందే నోటికి వచ్చుటయు ఈ వినికి వలన కలిగిన ఫలమే.

అయితే ఆ మండపము చుట్టు కూర్చుండుటకు అందరికిని చోటు లేదు. కులమును బట్టి కొందరు దూరమున నిలిచి వినవలసివచ్చినది. కొందరు ఆ దూరమునకు కూడ రాకూడదు. ఈ లోపమును మరచి వినికి యుగమును స్వర్ణయుగమని పొగడుట న్యాయము కాదు. దానికి సమాధానము తరువాతి కాలమున సాహిత్యము నుండియే వచ్చినది.

రచన చేరిన మార్గము ఎంత ముఖ్యమో తెలియుటకు ఇద్దరి చరిత్రలు పక్కపక్కన పెట్టి చూడవచ్చును. తాళ్ళపాక అన్నమాచార్యుడు 1503లో పరమపదించినాడు. ఆయన 32,000 సంకీర్తనలు రచించినట్లు మనుమడు చిన తిరువేంగళనాథుడు వ్రాసిన చరిత్ర వలన తెలియుచున్నది. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భాండాగారమున భద్రపరచినారు. లోహముకంటె శాశ్వతమైన ఆధారము ఆ కాలమున లేదు. అయినను పాడువారి పరంపర సన్నగిల్లగా, కొలది కీర్తనలు తప్ప తక్కినవి శతాబ్దముల తరబడి జనుల చెవిని పడలేదు. 1920ల నాటి నుండి ఆ రేకులు వెలుగులోనికి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి పరిష్కరణమున ప్రచురింపబడిన తరువాత గదా అన్నమయ్య ఇంటింటి వాగ్గేయకారుడైనాడు! లభించిన కీర్తనలు చెప్పిన సంఖ్యలో సగమునకు లోపే.

వేమన మాట దీనికి విరుద్ధము. ఆయన జన్మస్థలము, కాలము నేటికిని వివాదాంశములే. రాజాశ్రయము లేదు, అంకితము లేదు, రాగిరేకు లేదు. పండితులలో పెక్కుమంది ఆయనను కవిగా లెక్కింపలేదు. అయినను ఆటవెలది పద్యము నాలుగు పాదములతో బాటసారి నోట, రైతు నోట, బడిపంతులు నోట ఊరూరు తిరిగినది. 1824లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను, ఫ్రెంచి మతగురువు దుబాయి వ్రాసిన గ్రంథము వలన వేమన పేరు తెలిసికొని, వ్రాతప్రతులు సేకరింప మొదలిడినాడు. 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించినాడు. 1839 నాటి కూర్పులో అవి 1,164 అయినవి. ఒక ప్రతికి ఒక ప్రతికి పాఠములు కలియవు. పద్యముల సంఖ్య కలియదు. ఈ తేడాలు లేఖకుల పొరపాట్లు మాత్రమే కావు. ఆ పద్యములను జనులు తమవిగా చేసికొని, తమకు తోచిన మాటను మార్చి, తమ అనుభవమును కలిపినారు. వేమన పేర వెలసిన పద్యములలో ఎన్ని ఆయనవి అన్న ప్రశ్నకు తుది సమాధానము దొరకక పోవచ్చును. కాని శ్రోత కవితో కలిసి రచన సాగించినాడనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. 1928లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వేమనపై ప్రసిద్ధోపన్యాసములు ఇచ్చినారు. పండితలోకము అట్లు ఆదరించు నాటికి సామాన్యజనుల తీర్పు వెలువడి ఎంతో కాలమైనది.

బ్రౌను చేసిన పని వేమనతో ముగియలేదు. ఆయన స్వంత ధనముతో పండితులను, లేఖకులను నియమించి కావ్యముల ప్రతులు సేకరింపించి, సరిచూపించినాడు. జూలూరి అప్పయ్యశాస్త్రి వ్యాఖ్యతో మనుచరిత్రము 1851లో వెలువడినది. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు చెన్నపురిలో ముద్రణాలయము స్థాపించినారు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చి, బడిపిల్లలకు గద్యమును పరిచయము చేసినది. ఇట్లు 19వ శతాబ్దము నడిమికి తెలుగుదేశమున ఒక క్రొత్తవ్యక్తి అవతరించినాడు. అతడే ఒంటరిగా కూర్చుండి, పెదవి కదలకుండ చదువుకొను పాఠకుడు.

శ్రోతకు, ఈ పాఠకునకు గల భేదము చిన్నది కాదు. పురాణశ్రోతకు కథ ముందే తెలియును. తెలిసిన కథను కలిసి వినుట అతని ఆనందము. అచ్చుపుస్తకపు పాఠకునకు కథ క్రొత్తది. అతని పక్కన అర్థము చెప్పువాడు లేడు, తలయూపువాడు లేడు. నచ్చనిచోట పుటను మరల చదువుకొనును, రచయితతో మనసులో వాదించును. ఈ ఏకాంతమే సంస్కర్తలకు అవకాశమైనది. పదిమంది ఎదుట అంగీకరింప జంకు విషయమును మనుష్యుడు ఏకాంతమున ఆలోచించుకొనగలడు.

వీరేశలింగము ఈ అవకాశమును గుర్తించినాడు. 1874లో వివేకవర్ధనిని ప్రారంభించి, 1878లో ఆ పత్రికలో రాజశేఖరచరిత్రమును ప్రకటింప మొదలిడినాడు. అది 1880లో పుస్తకరూపమున వచ్చినది. 1887లో హచిన్‌సన్ దానిని ఆంగ్లమునకు అనువదించినాడు. గోల్డ్‌స్మిత్ నవల ఛాయలు దానిపై ఉన్నవన్నది సుపరిచితమే. విశేషమేమనగా, అందులోని రాజశేఖరుడు ధవళేశ్వరమున నివసించు గృహస్థు, శకునములను, జ్యోతిషమును, బైరాగులను నమ్మి చెడినవాడు. పాఠకుడు తన పొరుగువానిని, కొన్నిచోట్ల తననే, అందు చూచుకొన్నాడు. పురాణము వినువాడు రామునివలె నడువవలెనని తలచెను. నవల చదివినవాడు రాజశేఖరునివలె మోసపోరాదని తలచెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినది. దానిని జరిపించినది నవల కాదు, పంతులుగారును ఆయన మిత్రులును పడిన పాట్లు. కాని ఆ వివాహమును సమర్థించుటకు ముందుకు వచ్చిన యువకులను ఏడేండ్లుగా సిద్ధపరచినది వివేకవర్ధని పుటలు.

గురజాడ అప్పారావు మార్గము మరియొకటి. విజయనగరమున 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్కము 1897లో అచ్చైనది. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1,034 కన్యాశుల్కవివాహములు నమోదైనట్లు ఆయన పీఠికలో పేర్కొన్నాడు. నాటకమునకు పీఠికగా లెక్కలు ఉంచుట తెలుగు సాహిత్యమున అపూర్వము. పాఠకుడు రసజ్ఞుడు మాత్రమే కాదు, ఈ దురాచారమునకు జవాబుదారి కూడ అని దానిలోని భావము. 1909లో నాటకమును ఆమూలాగ్రముగా తిరిగి వ్రాసి ప్రకటించినాడు. కన్యాశుల్కము అను ఆచారము కాలక్రమమున మాసిపోయినది. అందుకు సాంఘిక, ఆర్థిక కారణములు పెక్కు. ఆచారము పోయిన తరువాతను నాటకము నిలుచుట గమనింపదగినది. గిరీశము మాటలు, అగ్నిహోత్రావధానుల కోపము, మధురవాణి వివేకము జనుల సంభాషణలో కలిసిపోయినవి. వేమన పద్యమునకు జరిగినదే ఇక్కడ వచనమునకు జరిగినది.

అయితే అచ్చుపుస్తకము కొనగలవారు కొందరే. చదువగలవారు ఇంకను కొందరే. వినికి మండపమును మరల క్రొత్తరూపమున కట్టవలసివచ్చినది. ఆ పని చేసినది గ్రంథాలయోద్యమము. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. దానికి ప్రాణము పోసిన అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతయు ఆ పనికే అర్పించినాడు. అధ్యక్షుడైన చిలకమర్తి చూపు లేని రచయిత అన్న సంగతి ఇక్కడ తలపునకు రాక మానదు. ఇతరులు చదువగా విని, తాను చెప్పగా ఇతరులు వ్రాయగా సాహిత్యసేవ చేసిన ఆయన ఆ సభకు అధ్యక్షుడగుట ఎంతో సముచితము. ఊరి గ్రంథాలయమున సాయంకాలము అక్షరజ్ఞుడొకడు పత్రిక బిగ్గరగా చదువును. తక్కినవారు చుట్టు కూర్చుండి విందురు, వాదింతురు. పౌరాణికుని స్థానమున పత్రికాపాఠకుడు వచ్చినాడు. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా డెల్టా కాలువలో పడవ గ్రంథాలయము నడిపి, పుస్తకమును పాఠకుని గుమ్మము వద్దకు చేర్చినాడు.

నిజాము రాజ్యమున ఈ ఉద్యమమునకు మరింత బరువైన బాధ్యత పడినది. అచట పాలనకును పైచదువునకును ఉర్దూయే భాష. తెలుగు బడులు అరుదు. సభ జరుపుటకు ప్రభుత్వానుమతి కావలెను. అట్టి స్థితిలో గ్రంథాలయమే బడియైనది, సభయైనది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథములను తెలుగున వ్రాయించినారు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించి, పుస్తకములను తానే మోసికొని ఊరూరు తిరిగి అమ్మినాడు. రచయితయే ప్రచురణకర్త, ప్రచురణకర్తయే బేరగాడు. పాఠకుడు లేడని వాపోవుటకు బదులు పాఠకుని వెదకుకొని పోయిన చరిత్ర ఇది.

ఈ శ్రమకు ఫలితము ఎట్టిదో 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక చూపినది. తెలంగాణమున కవులే లేరను మాట వినబడినప్పుడు, గోలకొండ పత్రికాసంపాదకుడైన సురవరము ప్రతాపరెడ్డి వాదమునకు దిగలేదు. పత్రికాముఖమున పిలుపు పంపి, 354 మంది కవుల వివరములను, రచనలను ఒక్క సంపుటమున ప్రకటించినాడు. 1926లో పుట్టిన ఆ పత్రికకు ఊరూర పాఠకులు లేనిచో ఆ పిలుపు ఎవరిని చేరియుండెడిది? ఆ ప్రతాపరెడ్డియే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించినాడు. కావ్యములలో రాజుల పొగడ్తలను పక్కకు పెట్టి, జనుల తిండి, బట్ట, ఆటపాటలు, పండుగలు వెదకినాడు. 1955లో సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానము ఆ గ్రంథమునకే లభించినది. కావ్యమును సామాన్యజనుల వైపు నుండి చదువవచ్చునని నిరూపించిన చదువరికి దక్కిన గౌరవమది.

మండపము వెలుపల నిలిచినవారి మాట ఇంకను మిగిలియున్నది. ఉన్నవ లక్ష్మీనారాయణ వేలూరు కారాగారమున రచించిన మాలపల్లి 1922లో అచ్చైనది. రామదాసు కుటుంబము దాని కేంద్రము. సంగదాసు మరణము దాని మలుపు. వాడుకభాష దాని వాహనము. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. కొంతకాలమునకు సడలిన నిషేధము 1930ల నడుమ మరల వచ్చినది. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గకాలమున తొలగినది. నవలలో బాంబులు చేయు విధానము లేదు, పన్ను ఎగవేయుమను ఆజ్ఞ లేదు. కూలివాడు తన కష్టమునకు తగిన ప్రతిఫలము అడుగును, అంతే. ఆ ప్రశ్నను వేలమంది చదివినచో ఏమగునో ప్రభుత్వమునకు తెలియును. సాహిత్య ప్రభావమును సాహిత్యవిమర్శకులు శంకించిన సందర్భములు కలవు. దొరతనము మాత్రము ఎన్నడును శంకింపలేదు.

ఉన్నవ వెలుపలివారి పక్షమున వ్రాసినాడు. గుఱ్ఱము జాషువ వెలుపలనుండియే వ్రాసినాడు. 1941 నాటి గబ్బిలము మేఘసందేశపు పద్ధతిని గ్రహించి, దాని తలను క్రిందు చేసినది. గుడిలో అడుగిడరాని నిరుపేద తన బాధను కాశీవిశ్వనాథునకు విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. గుడిలోనికి గబ్బిలము పోగలదు, మనుష్యుడు పోరాదు. సంప్రదాయమున ఆరితేరిన పాఠకుడు పద్యపు నడకకు తలయూపుచు చదువ మొదలిడి, ఆ తలవంపు తనదే అని గ్రహించి ఆగును. శతాబ్దముల తరబడి వినుటకు చోటు దొరకనివారి గొంతు, వినుటకు అలవాటుపడినవారి ఛందస్సులోనే వచ్చి వారిని నిలదీసినది. జాషువకు 1964లో క్రీస్తుచరిత్రకు సాహిత్య అకాడమి బహుమానము లభించినది. కాని గబ్బిలము పొందిన గౌరవము దానిని కంఠస్థము చేసినవారు ఇచ్చినది.

ఈ సంగతులనుండి ఒక్క గ్రంథము లోకమును మార్చినదని సూత్రము తీయుట సాహసము. వితంతువివాహములకు చట్టము, ధైర్యము, ధనము కావలసివచ్చినవి. అంటరానితనముపై పోరాటము నేటికిని ముగియలేదు. సాహిత్యము చేసినది వేరు. ఏది సహజమని జనులు తలచుచుండిరో దానిని ప్రశ్నగా మార్చినది. ఒంటరిగా బాధపడువారికి తమవంటివారు పెక్కురున్నారని తెలిపినది. ఆ పని చేయుటకు దానికి ప్రతి యుగమున ఒక త్రోవ కావలసివచ్చినది. ఒకనాడు ద్విపద, ఒకనాడు ఆటవెలది, ఒకనాడు పత్రిక, ఒకనాడు గ్రంథాలయపు అరుగు ఆ త్రోవలైనవి.

నేడు పుస్తకము చేతిలోని ఫోనుతెరపై చేరుచున్నది. గొంతుతో చదివిన కథలు చెవికి చేరుచున్నవి. చదువువాడు మరల వినువాడగుచున్నాడు. దీనికి వగచుటయో, పొంగిపోవుటయో తొందరపాటు. మండపమున చోటు ఎవరికున్నది, ఎవరికి లేదు అన్న పాత ప్రశ్నయే దీనికిని వర్తించును. కవుల కాలనిర్ణయమునకు చూపిన శ్రద్ధను ఇకపై పాఠకుల చరిత్రకు కూడ చూపవలసియున్నది. పాత గ్రంథాలయముల అరువు పుస్తకములలో, పత్రికలకు వచ్చిన ఉత్తరములలో, ముద్రణల సంఖ్యలలో, ప్రతుల అంచులలో వ్రాసికొన్న మాటలలో ఆ చరిత్ర చెదలు పట్టుచున్నది. ఏ గ్రంథాలయమున ఏ పుస్తకమును ఎందరు తీసికొనిపోయిరో తెలుపు చిట్టాలను కాపాడినవారు తాళపత్రములను కాపాడినవారితో సమానులు.